గీకిన చిప్ప, మెరిసిన చిప్ప

గాబ్రియేలు మంచివాడని చెప్పేవాళ్లంతా ఆయన పోయిన తర్వాత పుట్టుకొచ్చినవాళ్లే. బతికున్నన్నాళ్లూ మెదక్‌లో ఆయనతో నెమ్మదిగా రెండు మాటలు మాట్లాడి ఇంటికి పోయిన మనిషి లేడు. ఎదురొచ్చిన బండివాడు "బాగున్నవా అన్నా" అంటే, "నేను బాగనే ఉన్న. నీ బండి ఇరుసే మొత్తుకుంటుంది. కందెన పెట్టక ఎన్నొద్దులాయె? ఎడ్లకు నోరుంటే నిన్ను బూతులు తిడుతుండె" అనేవాడు. ఆ బండివాడు మరోసారి పలకరించేవాడు కాదు. భార్య ఎలిశిబా ఒక్కతే ఆ నోటికి జంకేది కాదు. "లోకంల ఉన్న ఆముదమంత ఇంజన్లకే పోస్తవు, జర నీ నాలికకు గూడ రాసుకో" అనేది. ఆయన నవ్వేవాడు కాదు. నవ్వడం ఆయనకు రాదు.

పని మాత్రం వచ్చు. కరువు రోజుల్లో పెద్ద చర్చి కడుతుంటే ఆయన తండ్రి రాళ్లు మోసి, గంజి తాగి ప్రాణం నిలుపుకున్నాడు. కొడుకు కూడా రాళ్లే మోస్తే ఇక తాను బతికి లాభమేంటని, పదహారో ఏట లాలాగూడ రైలు కార్ఖానాకు పంపాడు. అక్కడ ఖాసిం మిస్త్రీ అనే ముసలాయన దగ్గర గాబ్రియేలు ఎనిమిదేళ్లు బేరింగులు గీకాడు. ఎనిమిదేళ్లూ గీకడమేనా అని నవ్వేవాళ్లు ఒక్క రోజు గీకి చూడాలి.

ఇంజన్ ఇరుసు గాలిలో తిరగదు. రెండు కొసలా రెండు బేరింగులు దాన్ని మోస్తాయి. ఒక్కో బేరింగు అంటే కొబ్బరికాయను నిలువునా చీల్చినట్టు రెండు చిప్పలు. చిప్పల లోపల మెత్తని తెల్ల లోహం కరిగించి పోస్తారు. నడుమ ఇరుసు, ఇరుసుకూ చిప్పకూ మధ్య వెంట్రుక మందం నూనె. ఇంజన్ ప్రాణం ఆ వెంట్రుకలోనే ఉంటుంది.

దూరం నుంచి చూస్తే మెదక్ ఖిల్లా గుట్ట ఏనుగు వీపులా నున్నగా కనిపిస్తుంది. ఎక్కినవాడి మోకాళ్లను అడగాలి అది ఎంత నున్ననో. లోహం కూడా అంతే. ఎంత రుద్దినా దాని మీద గుట్టలూ గుంతలూ ఉంటాయి. రెండు లోహాలు ఒకదాని మీద ఒకటి కూర్చుంటే గుట్టల కొసలే తగులుతాయి. బరువంతా ఆ నాలుగు కొసల మీదే పడుతుంది. అక్కడే కాగుతుంది, అక్కడే అంటుకుంటుంది.

ఖాసిం మిస్త్రీ నేర్పిన విద్య ఇది. దీపం మసిని నూనెలో కలిపి ఇరుసుకు పలచగా పూయాలి. చిప్పను దాని మీద పెట్టి అటూ ఇటూ ఆడించి తీయాలి. నల్లచుక్క ఎక్కడ అంటితే అక్కడ గుట్ట ఉన్నట్టు. ఆ చుక్కను మాత్రమే గీకాలి. మళ్లీ పూయాలి, మళ్లీ ఆడించాలి, మళ్లీ గీకాలి. మొదట నాలుగు పెద్ద మచ్చలున్న చోట, మూడు రోజుల తర్వాత బొటనవేలంత జాగాలో పది పన్నెండు చిన్న చుక్కలు లేస్తాయి. అప్పుడు బరువు అందరూ పంచుకున్న మూటలా తేలికవుతుంది. చుక్కకూ చుక్కకూ నడుమ ఉన్న పలచటి గుంతల్లో నూనె నిలుస్తుంది. ఇరుసు తిరిగినప్పుడల్లా ఆ నూనెను లాక్కుని చుక్కల మీద పరుచుకుంటుంది.

చూడటానికి మాత్రం అసహ్యంగా ఉంటుంది. పిల్లి పొయ్యిగోడను రక్కినట్టు అటు గీతలు, ఇటు గీతలు. ఆ గీతలే 1948 భాద్రపదంలో గాబ్రియేలు ప్రాణం మీదికి తెచ్చాయి.

అప్పటికి ఆయన రామాయంపేట రోడ్డులో ఉన్న లలితమ్మ దొరసాని బియ్యం మిల్లులో తొమ్మిదేళ్లుగా ఇంజన్ మిస్త్రీ. దొరసాని మిల్లుకు వచ్చేది కాదు. పెత్తనమంతా అల్లుడు మదన్ మోహన్‌ది. సొంతూరు టేక్మాల్. పట్నంలో ఏదో పరీక్ష రాసి తప్పి వచ్చాడు. తప్పినవాడికి తెలిసినన్ని సంగతులు పాసైనవాడికి తెలియవు కదా, అందుకని మిల్లులో ప్రతి మేకు గురించీ ఆయనే చెప్పేవాడు. పనివాళ్లు ముఖం మీద 'పటేలా' అనేవాళ్లు, వెనక 'అల్లుడు పటేల్' అనేవాళ్లు.

ఊళ్లో రజాకార్ల దళం మకాం వేసి ఉంది. వాళ్ల సాలారుకు, అంటే దళం పెద్దకు, వారం వారం బియ్యం బస్తాలు పంపాలి. మదన్ మోహన్ సంతోషంగానే పంపేవాడు. భయం ఎక్కువైతే సంతోషంలాగే కనిపిస్తుంది. సరిగ్గా ఆ సమయానికి ఇంజన్ బేరింగులు అరిగి దడదడ కొట్టడం మొదలుపెట్టాయి. గాబ్రియేలు ఇంజన్ ఆపి, రెండు బేరింగులకూ కొత్త లోహం పోసి, గీకడానికి కూర్చున్నాడు. మిల్లు ఆగింది. గురువారానికి ఇస్తానన్న బస్తాలు వడ్లుగానే ఉండిపోయాయి.

సోమవారం పొద్దున మదన్ మోహన్ లోపలికొచ్చి, పని బల్ల మీద ఆరబెట్టినట్టు పెట్టిన చిప్పలను చూశాడు.

"గిదేందిరా?"

"బేరింగు."

"బేరింగని నాకెరుకలేదా? గీ గీతలేంది? కోడి గెలికినట్టు."

"గీకిన."

"కనవడుతనే ఉన్నది. మొన్న పోసినప్పుడు అద్దం లెక్క ఉండె. నాశనం జేసినవ్."

"అద్దంల మొఖం చూసుకోవచ్చు పటేలా. ఇరుసు తిప్పరాదు."

వడ్లు చెరుగుతున్న ఆగమ్మ కిసుక్కున నవ్వింది. ఆమె మిల్లులో అందరికంటే పాత మనిషి, అందరికంటే పెద్ద గొంతు. ఆ నవ్వు మదన్ మోహన్ చెవిలో పడింది. పని ఆగినందుకు ఉన్న కోపం ఒకటి, ఇప్పుడిది ఒకటి.

"నున్నటి బండ మీద కాలు జారుతదా, గరుకు బండ మీద జారుతదా? చెప్పు. బర్రెను గాసేటోనికి గూడ ఎరుక."

"నువ్వు బండ మీద ఒక్కపారి జారుతవ్, పడ్తవ్, లేస్తవ్. ఇరుసు నిమిషానికి మున్నూరు సార్లు జారాలె, నెత్తి మీద బరువుతోని, పొద్దుగూకేదాంక. నున్నగున్నది నున్నగున్నదాన్ని ఒత్తితే నడుమ నూనెకు జాగ ఏది? బయటికి కక్కుతది. ఎనుక ఒకదాన్నొకటి పీక్కతింటయ్."

ఆగమ్మ ఊరుకోలేదు. "నిజమే గద పటేలా. ఇసుర్రాయికి గంట్లు కొట్టిస్తలేమా, గట్లనే."

గాబ్రియేలు ఆమె మీదికే తిరిగాడు. "గట్ల కాదు. ఎరుకలేని ముచ్చట మాట్లాడకు. ఇసుర్రాయి గంట్లు కొరికెటందుకు. గివి తాగెటందుకు."

"అగో, సాయం మాట్లాడితె నన్నే కరుస్తవేంది! నీకు చుట్టాలంటే ఆ చిప్పలే, పో."

మదన్ మోహన్ చిప్పను వేలితో రాసి, వేలు అంగీకి తుడుచుకున్నాడు. "మీ అయ్య గంజి కోసం దేవుణ్ని మార్చిండు. నువ్వు దేనికోసం నా ఇంజన్ గీకినవో చెప్పు. ఎవడు చెప్పిండు నీకు? నల్గొండ దిక్కు సంగపోళ్లు లారీ ఇంజన్ల ఇసుక పోసిన్రట. గిది గసొంటి పనే."

"మా అయ్య గంజి తాగి రాళ్లు మోసిండు. మీరు ఏది మోసిన్రో ఇప్పటిదాంక నాకు కనవడలే."

ఈ మాట అనకుండా ఉండాల్సింది. గాబ్రియేలుకు కూడా తెలుసు. తెలిసీ అనడమే ఆయన రోగం.

అదే గడియలో సాలారు లారీ గేటు ముందు ఆగింది. అతను ఒకప్పుడు లారీ డ్రైవరు. ఇప్పుడు ఖాకీ, నడుముకు తుపాకి. లోపలికొచ్చి ఆగిన ఇంజన్ను చూశాడు, నిండని బస్తాలను చూశాడు.

"క్యా బాత్ హై పటేల్ సాబ్? మిల్లు నిద్రపోతుందా?"

మదన్ మోహన్ చేతులు జోడించాడు. బస్తాలు ఎందుకు లేవో చెప్పాలి. చెప్పడానికి ఒక మనిషి కావాలి. మనిషి ఎదురుగానే ఉన్నాడు.

"గీ మిస్త్రీ జేసిండు సాబ్. బేరింగులన్ని గీకి చెడగొట్టిండు. వీడు సంగపోడు."

సంగపోడంటే కమ్యూనిస్టు. ఆ రోజుల్లో ఆ మాట ఒక్కసారి అంటే చాలు. సాలారు మనుషులిద్దరు గాబ్రియేలు చేతులు వెనక్కి విరిచి స్తంభానికి కట్టారు. ఒకడు తుపాకి మడమతో మోచేతి మీద కొట్టాడు. ఆగమ్మ చేట కింద పడేసి గోడకు ఆనుకుంది. అందరికీ అర్థమైంది. లారీ ఎక్కించుకుని తీసుకుపోయినవాళ్లెవరూ తిరిగి రాలేదు.

గాబ్రియేలు బతిమాలలేదు. బతిమాలడం వచ్చి ఉంటే బతిమాలేవాడేమో. "ఇంజన్ నడిపినోనివి గద నువ్వు," అన్నాడు సాలారుతో. "బేరింగు కాలితే ఏమైతదో నీకెరుకే. మరి పరీక్ష పెట్టు. ఒక బేరింగు నేను గీకినట్టే ఉండనియ్యి. ఇంకోటి పటేల్ మనసుకొచ్చినట్టు అద్దం లెక్క చేపియ్యి. రెండు ఒక్క ఇరుసు మీదనే తిరుగుతయ్. ఏది కాలుతదో చూడు. నాది కాలితే నేనే లారీ ఎక్కుత, ఎవడు పట్టుకోనక్కరలేదు."

సాలారు గడ్డం గోక్కున్నాడు. పదేళ్లు లారీ నడిపాడు, మూడుసార్లు బేరింగు పోయి నడిరోడ్డున నిలబడ్డాడు. ఎందుకు పోయిందో ఏ మిస్త్రీ చెప్పలేదు. చంపడం ఎప్పుడైనా చంపొచ్చు.

"ఠీక్ హై," అన్నాడు. "బుధవారం. ఇద్దరు మీ మీ బేరింగు మీద చెయ్యి పెట్టి కూసోవాలె. ఎవని చెయ్యి ముందు లేస్తదో వాడు ఝూటా. మిస్త్రీది లేస్తే నాతోని వస్తడు."

"అల్లుడు పటేల్‌ది లేస్తే సాబ్?" అంది ఆగమ్మ గోడ దగ్గర్నుంచే.

సాలారు మదన్ మోహన్ వంక చూసి నవ్వాడు. "అది గూడ చూస్తం."

మదన్ మోహన్ నవ్వబోయాడు, రాలేదు.

మంగళవారం కంసాలి భూమయ్యను పిలిపించారు. లోహాన్ని మెరిపించాలంటే కంసాలి కాక ఎవరు? మిల్లులో ఎవరికీ అది తప్పుగా తోచలేదు. భూమయ్య మెదక్‌లో పేరున్న పనివాడు, పెళ్లిళ్ల కాలంలో ఆయన ఇంటి ముందు జనం నిలబడేవాళ్లు. గాబ్రియేలు కట్లు విప్పి, ఇంజన్ పెద్ద చక్రం పక్కనున్న బేరింగు చిప్పలు ఆయనకు ఇమ్మన్నారు. భూమయ్య చెయ్యి చాపలేదు.

"కింద పెట్టు. తీసుకుంట."

"ఎందుకు, నా చెయ్యి అంటితే నీ మెరుగు రాయి మతం మారుతదా?" అని గాబ్రియేలు చిప్పలను టంగుమని బండ మీద పెట్టాడు.

"చిప్ప సొట్టబోతది, మెల్లగ," అన్నాడు భూమయ్య, కులం సంగతి మరిచి పనివాడిలా.

పొద్దుగూకే దాకా రుద్దాడు. ముందు గీతలు పోయేదాకా సన్నటి ఇసుక గుడ్డతో, తర్వాత మెరుగు రాయితో, ఆఖరుకు మెత్తటి తోలుతో. నిజం చెప్పాలి, అంత అందమైన బేరింగు ఎవరూ చూసి ఉండరు. వెన్నెల్ని వంచి చిప్పలో అతికించినట్టుంది. మదన్ మోహన్ అందులో మీసం చూసుకున్నాడు.

"చూసినవారా మిస్త్రీ? గిది పని."

"పని మంచిదే," అన్నాడు గాబ్రియేలు. "ముక్కుపుల్లకైతే."

ఎలిశిబా మిషన్ దవాఖానాలో గుడ్డలు ఉతికి, అటునుంచి అటే అన్నం గిన్నెతో మిల్లుకు వచ్చింది. ఆయన మోచెయ్యి ఉబ్బి ఉండటం చూసింది. ఏడవలేదు. పక్కన కూర్చుని తిట్టింది.

"తప్పయిందని ఒక్క మాట చెప్పు. పటేల్ కాళ్లు నేను మొక్కుత, నువ్వు మొక్కకు. వదిలిపెడ్తరు."

"తప్పు కాలేదు."

"రేపు చస్తే ఏం జేయాలె? 'తప్పు కాలేదు' అని నీ సమాధి మీద రాపియ్యాల్నా?"

ఆయన అన్నం కలుపుకున్నాడు. ఆమె గొంతు తగ్గించింది. "నిజం చెప్పు. నీది కాలదు గద?"

గాబ్రియేలు తాను పోసిన లోహాన్ని తలచుకున్నాడు. కొత్త లోహం కొనే దారి లేక పాత బేరింగుల తుక్కు కరిగించి పోశాడు. యుద్ధం తర్వాత మంచి ఇంజన్ నూనె మెదక్‌కు రావడమే మానేసింది, గానుగ ఆముదంతో నడిపిస్తున్నాడు. దాంట్లో ఎన్ని నీళ్లు కలిశాయో గానుగవాడికే తెలియాలి.

"కాలొద్దు," అన్నాడు.

"కాలదు అంటలేవు."

"కాలొద్దు అంటున్న."

ఆమె గిన్నె కడగకుండానే తీసుకుపోయింది.

బుధవారం పొద్దున గాబ్రియేలే ఇంజన్ బిగించాడు. రెండు బేరింగులకూ చిప్పల సందులో ఒకే మందం తగరపు రేకు పెట్టాడు. రెండు నూనె బుడ్డీల్లో ఒకే డబ్బా ఆముదం పోశాడు. రెంటికీ బొట్టు పడే వేగం ఒకటే అని ఆగమ్మ చేత లెక్కపెట్టించాడు. కావాలంటే చక్రం పక్క బోల్టు అరచుట్టు ఎక్కువ తిప్పి దాన్ని ముందే కాల్చగలిగేవాడు, ఎవడికీ తెలిసేది కాదు. తిప్పలేదు. పైగా మిల్లును తిప్పే తోలు పట్టా లాగే బరువంతా పడే బేరింగు తన కోసం ఉంచుకున్నాడు.

"తర్వాత ఎవడు మాట్లాడొద్దు," అన్నాడు. "బరువున్న దిక్కు నాదే."

చక్రం తిప్పారు. ఇంజన్ నాలుగుసార్లు దగ్గి అందుకుంది. స్టూళ్లు వేశారు. గాబ్రియేలు పట్టా పక్క, మదన్ మోహన్ చక్రం పక్క. నడుమ నిలబడి సాలారు బీడీ వెలిగించాడు. పనివాళ్లు గోడ పొడుగునా నిలబడ్డారు. భూమయ్య కూడా వచ్చాడు, తన పని తిరుగుతుంటే చూడాలని.

మొదటి అరగంట గాబ్రియేలుకు కలిసి రాలేదు. వేడెక్కింది తనదే. మదన్ మోహన్ వైపు నుంచి చప్పుడే లేదు, పాల మీద మీగడలా తిరుగుతోంది. తన వైపు సన్నగా రాపిడి. కొత్తగా గీకిన చుక్కలు ఇరుసుకు సర్దుకునేదాకా కొంచెం వేడెక్కడం మామూలే అని ఆయనకు తెలుసు. తెలియడం వేరు, అరచెయ్యి కింద అది పెరుగుతుంటే కూర్చోవడం వేరు.

సాలారు వచ్చి రెండింటినీ తాకాడు. "మిస్త్రీ, నీది గరమ్ ఉంది."

"ఉంటది. వడ్లు పోసి చూడుండ్రి. ఉత్తగ ఎవడైన తిరుగుతడు."

"చలిజ్వరమొచ్చినోని లెక్క చెమటలు పోస్తున్నయ్ వీనికి," అన్నాడు మదన్ మోహన్. "నాది చూడుండ్రి సాబ్. పసిపిల్ల చెంప."

వడ్లు పోశారు. పట్టా బిగిసింది, ఇంజన్ గొంతు లావైంది. బియ్యం రాలడం మొదలైంది. ఇంతలో సంగారెడ్డి దిక్కు నుంచి విమానాల చప్పుడు వచ్చింది. ఒకటి కాదు. అందరూ పైకప్పు వంక చూశారు. కాసేపటికి ఒకడు సైకిల్ మీద ఆయాసపడుతూ వచ్చి సాలారు చెవిలో ఏదో చెప్పాడు. సాలారు బీడీ పడేసి తొక్కాడు. ముఖంలో రంగు మారింది.

నిండిన బస్తాలు లారీలో వేయించాడు. ఇద్దర్ని తుపాకులతో గేటు దగ్గర నిలబెట్టాడు. "నేను శామ్‌కు వస్త. ఎవని చెయ్యి లేస్తే వాన్ని ఆ స్తంభానికి కట్టి పెట్టుండ్రి," అని లారీ ఎక్కి పోయాడు.

అప్పుడు మారింది. గాబ్రియేలు చెయ్యి కింద రాపిడి సన్నగిల్లి, పోయింది. వేడి ఉన్నచోటే ఆగింది. కాసేపటికి తగ్గడం కూడా మొదలైంది. గుంతల్లో ఆముదం నిలిచింది, చుక్కలు సర్దుకున్నాయి. ఆయన ఊపిరి వదిలి అటు చూశాడు.

మదన్ మోహన్ ముఖం చూస్తే చాలు. కుడిచెయ్యి తీసి ఎడమచెయ్యి పెట్టాడు. ఎడమది తీసి కుడిది పెట్టాడు. తర్వాత ధోవతి కొస నాలుగు మడతలు పెట్టి, దాని మీద చెయ్యి ఉంచాడు.

"అగో! అల్లుడు పటేల్ గుడ్డ పెట్టిండు!" అని ఆగమ్మ అరిచింది. "పసిపిల్ల చెంపకు గుడ్డెందుకు పటేలా?"

"నోర్మూయ్! ఇంకింత నూనె పోయండ్రి!"

పోశారు. బేరింగు అంచు నుంచి పోసింది పోసినట్టే బయటికి కారింది. లోపల నిలవడానికి చోటు లేదు. భూమయ్య అంత కష్టపడి ఆ చోటు లేకుండా చేశాడు. కారిన ఆముదం పొగైంది. మాడిన ఆముదం వాసన మిల్లంతా కమ్ముకుంది.

గాబ్రియేలు లేచాడు. "పటేలా, ఆపు. చెప్తున్న. ఇరుసు పోతది."

"కూసో! ఆపితే నీది దాగుతదనా? చూసిన్రా అందరు? ఇంజన్ ఆపుమంటుండు. మల్ల చెడగొట్ట జూస్తుండు!"

గేటు దగ్గరి ఇద్దరూ తుపాకులు సర్దుకుని దగ్గరికొచ్చారు.

ఇంజన్‌ను నడిపే చమురును ఆపే మర గాబ్రియేలుకు చేతికందేంత దూరంలో ఉంది. పావు చుట్టు తిప్పితే చాలు. ఇప్పుడు ఆపితే చిప్ప నల్లబడి ఉంటుంది అంతే. ఇరుసు బతుకుతుంది. రేపు ఆ చిప్పను గీకి బిగిస్తే ఇంకో పదేళ్లు నడుస్తుంది. కానీ సాయంత్రం సాలారు వచ్చేసరికి మదన్ మోహన్ బేరింగు చల్లారి ఉంటుంది. 'ఏం కాలేదు సాబ్, నడుస్తుంటే మిస్త్రీయే ఆపిండు' అంటాడు. ఆ మాటకు లారీ ఎక్కించడం తప్ప ఇంకో అర్థం లేదు.

తొమ్మిదేళ్లు ఆ ఇంజన్‌ను తుడిచింది తనే. దాని దగ్గు విని ఏ బోల్టు వదులైందో చెప్పేవాడు. ఎలిశిబాకు జ్వరం వచ్చినప్పుడు కూడా దాన్ని వదిలి పోలేదు. ఇప్పుడు అది అరుస్తోంది. ముందు సన్నగా, తర్వాత కత్తిని సాన మీద తప్పుగా పెట్టినట్టు. ఇనుము ఇనుమును తింటున్న చప్పుడు అది. మిల్లులో ఆ చప్పుడుకు అర్థం తెలిసినవాడు ఆయన ఒక్కడే.

గాబ్రియేలు మర వంక చూశాడు. స్టూలు మీద కూర్చున్నాడు. చేతిని తన బేరింగు మీద పెట్టుకున్నాడు. పరలోక ప్రార్థన ఒక్కసారి చదివేంత సేపు పట్టింది. ఆయన ప్రార్థన చదవలేదు.

చక్రం ఒక్కసారిగా జర్రుమని ఆగింది. పట్టా తెగిన పాములా ఎగిరి గోడను కొట్టింది. జనం కింద పడ్డారు. మదన్ మోహన్ స్టూలు మీది నుంచి వెనక్కి దొర్లాడు. పొగలోంచి, బేరింగు కింద కరిగిన తెల్ల లోహం బొట్లు బొట్లుగా బండ మీద పడి గడ్డకట్టింది. ఇరుసును అంటుకున్నది అంటుకునే ఉంది.

ఆగమ్మ లేచి, కొంగు సర్దుకుని, గాబ్రియేలు దగ్గరికొచ్చింది. ఆయన చెయ్యి పక్కనే తన చెయ్యి పెట్టింది.

"గోరెచ్చగున్నది," అంది అందరికీ వినబడేలా. "పసిపోరగాండ్లకు తానం పోయొచ్చు."

తుపాకులవాళ్లిద్దరూ వచ్చి తాకారు. భూమయ్య కూడా వచ్చి తాకాడు. ఈసారి గాబ్రియేలు వేళ్లు తగిలినా చెయ్యి తీయలేదు. "నా పని మంచిగనే ఉండె," అని గొణిగి వెళ్లిపోయాడు.

తుపాకులవాళ్లలో ఒకడు మదన్ మోహన్ భుజం పట్టుకున్నాడు. "చలో పటేల్, స్తంభం దగ్గరకు." సాలారు చెప్పింది వాడికి బాగానే గుర్తుంది.

మదన్ మోహన్ గాబ్రియేలు వంక తిరిగాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి పూర్తి పేరు పలికాడు. "గాబ్రియేలూ. జర చెప్పు వాళ్లకు. ఇంజన్ దానంతటదే పోయిందని చెప్పు."

"ముందుగాల నువ్వు చెప్పు."

"ఏం చెప్పాలె?"

"సోమారం చెప్పింది తప్పని."

"మిస్త్రీది తప్పు లేదు," అన్నాడు మదన్ మోహన్ నేల చూస్తూ.

"గట్టిగ. వడ్లకాడున్నోళ్లకు ఇనవడలే."

"మిస్త్రీ చెడగొట్టలే! వాడు సంగపోడు కాదు! చాలా?"

"వాడు కాదు. ఆయన," అంది ఆగమ్మ.

గాబ్రియేలు మాత్రం చాలు అనలేదు, చాలదు అనలేదు. అంగీ తీసుకుని గేటు దాటి పోయాడు. ఎవరూ ఆపలేదు.

సాలారు ఆ సాయంత్రం రాలేదు. తర్వాత కూడా రాలేదు. శుక్రవారం రేడియోలో ఇండియా సైన్యానికి నిజాం లొంగిపోయాడన్న వార్త వచ్చేసరికి, మదన్ మోహన్‌ను స్తంభానికి కట్టి కాపలా కాసిన ఇద్దరూ ఖాకీ అంగీలు ఊక కుప్పలో దాచి ఎటో పోయారు. మరో వారానికి మదన్ మోహన్ కాంగ్రెసు తెల్ల టోపీ పెట్టుకుని, మిలిటరీవాళ్లకు అదే మిల్లు బియ్యం ఇస్తానని మాటిచ్చి, గాబ్రియేలు ఇంటికి మనిషిని పంపాడు. ఇంజన్ బాగు చేయాలట.

గాబ్రియేలు వెళ్లాడు. బేరింగు విప్పి, అంటుకున్న లోహాన్ని సుత్తితో కొట్టి తీసి, ఇరుసు మీద బొటనవేలి గోరు నడిపాడు. గోరు గాడిలో ఇరుక్కుంది. ఇంకో గాడి. ఇంకోటి. ఏ గీకుడుకూ లొంగని గాడులు అవి. కొత్త ఇరుసు రావాలి, బొంబాయి నుంచి. రాదు.

"అయితదా?" అన్నాడు మదన్ మోహన్.

"కాదు."

"కోపంతోని అంటున్నవా, నిజమేనా?"

"రెండూ," అని పనిముట్ల సంచి భుజాన వేసుకుని వచ్చేశాడు.

ఇంట్లో ఎలిశిబా ఆయన ముఖం చూసి అడిగింది. "ఏమైంది? మళ్ల తిట్టిండా?"

"తిట్టలే." ఆయన గడపలో కూర్చున్నాడు. "ఆ రోజు నేను ఆపగలిగేటోన్ని. మర చేతికందుతుండె."

"ఆపితే నువ్వు ఉండకపోదువు."

"ఎరుకే."

"మరి ఏందిగ?"

"ఇంజన్ చెడగొట్టిండు అన్నడు నన్ను. సోమారం నాడు అది అబద్ధం." భుజం మీది సంచి దించాడు. "బుధవారం నాటికి నిజం చేసిన."

ఎలిశిబా వచ్చి ఆయన పక్కన కూర్చుంది. ఓదార్చే మనిషి కాదు ఆమె. "అయితే చేసినవ్," అంది. "ఇనుము పోయింది, నువ్వున్నవ్. రేగోడ్ల కొత్తగ మిల్లు పెడుతున్నరట. రేపు పొద్దుగాల పోయి అడుగు. అడిగేటప్పుడు నోరు జర దగ్గరవెట్టుకో."

పొద్దున్నే పోయాడు. రేగోడ్ మిల్లు యజమాని ఆయన్ను లోపలికి పిలిచి, కొత్త బేరింగు చూపించి, మెరుస్తోంది కదా అన్నాడు. గాబ్రియేలు సంచి దించి, దీపం మసి ఎక్కడుందని అడిగాడు.